మచ్చ సూర్యునిదా, కెమెరాదా?

గడచిన చలికాలంలో మేము చదువుకొనే పుటల మీద చిన్న నల్ల మచ్చ కనబడసాగింది. అచ్చు చెడిందనుకొన్నాము. సంఘపు కరపత్రాలు అచ్చువేసే తమ్మునికి ఫోను చేసి నాలుగు మాటలన్నాము కూడా. మా సతీమణి కళ్లజోడు తుడిచి ఇచ్చింది, బల్బు మార్పించింది. మచ్చ మాత్రం పోలేదు.

ఆ వారమే భౌతికశాస్త్రం చదువుకొంటున్న మా మేనల్లుడు వచ్చాడు. మాట ఆదిత్య ఎల్-1 మీదికి మళ్లింది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుండి అది లేచినప్పుడు మేమూ సూళ్లూరుపేటలో మేడ ఎక్కి పొగగీత చూసినవారమే. అయితే అందులోని సూట్ అనే దూరదర్శిని సంగతి మాకు తెలియదు. దాని కెమెరా డిటెక్టరులో 4096 వరుసలు, వరుసకు 4096 గడులు. ఒకే విత్తనం చల్లినా మడిమడికీ పంట తేడా వచ్చినట్టు, ఈ కోటిన్నరకు పైబడిన గడులు వెలుతురును ఒకే తీరుగా పట్టవట. ధూళి పడితే అక్కడ నీడ. మరి చిత్రంలో కనబడే మచ్చ సూర్యునిదా, కెమెరాదా?

అందుకని మొదట మూత మూసి చీకటిలోనే ఫోటో తీస్తారు. వెలుగు లేకున్నా డిటెక్టరు తన వేడి వలన కొంత లెక్క చూపుతుంది, దానిని తీసివేస్తారు. చల్లగా ఉంచేదీ ఇందుకే. తరువాత లోపలి చిన్న ఎల్‌ఈడీ దీపాలు వెలిగించి ఏ గడి ఎలా మారిందో కనిపెడతారు. సూర్య దూరదర్శినులకు మరొక ఉపాయమూ ఉంది. దూరదర్శినిని కొద్దికొద్దిగా పక్కకు తిప్పి మరల మరల ఫోటోలు తీస్తారు. సూర్యుని మచ్చ చిత్రంలో జరుగుతుంది, కెమెరా మచ్చ ఉన్న గడిలోనే ఉంటుంది. ఇదంతా ఒక్కసారితో తీరేది కాదు. 1995లో వెళ్లిన సోహోలో చల్లని డిటెక్టరుపై ఆవిరులు పేరుకొని చూపు మందగిస్తే, దానిని వేడిచేసి వదలగొట్టవలసి వచ్చేది. 2010లో వెళ్లిన అమెరికా వారి ఎస్‌డీఓ చూపు ఎంత తగ్గిందో తెలుసుకొనుటకైతే, అటువంటి పరికరమునే న్యూ మెక్సికో నుండి చిన్న రాకెట్టులో కొద్ది నిమిషాలు పైకి పంపి పోల్చి చూశారు. ఎంత ఓపిక!

వాడు ఆగి, “మామయ్యా, మీ మచ్చ పుస్తకం దగ్గరే ఉంటోందా, చూపుతో పాటు వస్తోందా?” అన్నాడు.

గోడ వంక చూశాము. మచ్చ అక్కడ ఉంది. క్యాలెండరు మీదా ఉంది, వాకిట్లో ఎండ మీదా ఉంది. కుడికన్ను మూస్తే లేదు. మా సతీమణి ఏమీ మాటలాడక మరునాటి బస్సుకు సంచి సర్దింది.

చక్కెర వ్యాధి వలన కంటి వెనుక పొరలో రక్తం చిమ్మిందని వైద్యుడు చెప్పారు. సంవత్సరాలుగా మాత్రలు సరిగా వేసుకోనిది మేమే. లేజరు చేశారు. మచ్చ పూర్తిగా పోలేదు గాని పెరగలేదు.

ఇంటికి వచ్చి అచ్చువేసే తమ్మునికి ఫోను చేసి క్షమించమన్నాము.

“పరవాలేదు అయ్యగారూ, మీరన్నాక చూశాను. మూడో పేజీలో నిజంగానే సిరా చుక్క ఉంది” అన్నాడు.