కిలవేయా చీకటిలో ఒక చిరుజీవి

హవాయి దీవులనగానే సముద్రతీరాలు, నిప్పులు చెరిగే కొండలు గుర్తుకు వస్తాయి. వాటిలోని పెద్ద దీవిలో కిలవేయా అగ్నిపర్వతాన్ని చూడబోయిన మేము థర్‌స్టన్ లావా సొరంగంలోనూ నడిచాము. ప్రవహించే లావా పైపొర చల్లారి గట్టిపడుతుంది. లోపలి ద్రవం సాగిపోతూనే ఉంటుంది. ఆ ద్రవం పూర్తిగా వెడలిపోయినపుడు రాతిగొట్టం మిగులుతుంది. ఈ సొరంగం వయస్సు సుమారు 500 సంవత్సరాలు.

ఆ ప్రాంతపు సొరంగాల కప్పులలోని పగుళ్ళ గుండా ఓహియా చెట్ల వేళ్ళు దిగి వ్రేలాడుతుంటాయి. ఎర్రని పూలు పూసే ఈ చెట్టు మన నేరేడు, జామల కుటుంబానికి చెందినది. దీపాలు లేని గుహలలో ఆ వేళ్ళ రసమే ఆధారంగా ఒక పురుగు జీవిస్తున్నది. మన వరిపైరును పీల్చే సుడిదోమకు అది దూరపు చుట్టము.

ఉష్ణమండలపు లావా గుహలలో చీకటికే అలవడిన కీటకాలు ఉండవని శాస్త్రజ్ఞులు ఒకప్పుడు భావించేవారు. 1971లో ఫ్రాన్సిస్ హోవార్త్ పరిశీలనలతో ఆ అభిప్రాయం తొలగిపోయినది. 1973లో ఫెన్నా అను శాస్త్రజ్ఞుడు ఈ పురుగును కొత్త జాతిగా వర్ణించి ‘ఓలియారస్ పాలిఫీమస్’ అని నామకరణం చేశారు. పాలిఫీమస్ గ్రీకు పురాణాలలో గుహావాసియైన ఒంటికన్ను రాక్షసుడు. ఈ పాలిపోయిన, కురచ రెక్కల ప్రాణికి ఆ ఒక్క కన్ను కూడా లేదు!

మరి ఆ కటిక చీకటిలో జతను వెదుకుకొనుట ఎట్లు? అది తన దేహాన్ని కంపింపజేస్తుంది. ఆ కంపనం వేరు వెంట ప్రయాణించి మరొక పురుగును చేరుతుంది. మన చెవులకు అందని ఈ పిలుపులను హన్నెలోరె హోఖ్, హోవార్త్ పరికరాలతో నమోదు చేశారు. గుహ మారితే పిలుపు తీరు మారుతున్నదని 1993లో ప్రకటించారు. ఆకారంలో దాదాపు ఒక్కటిగా ఉన్నా, ఒకే పేరు క్రింద పలు జాతులు దాగి ఉండవచ్చునన్నమాట.

మూత విప్పకుండా కంపనాన్ని బట్టి బేరింగు స్థితిని తెలుసుకొనుట మన కర్మాగారాలలో నిత్యకృత్యమే. అయితే ఆగిన యంత్రం నుండి ఏ కంపనమూ రాదు. అట్లే సూదికి గ్రుచ్చి పెట్టెలో భద్రపరచిన పురుగు కూడా పలుకదు. పిలుపును బట్టి జాతిని నిర్ణయించాలంటే అది బ్రతికి ఉండాలి. దాని క్రింది వేరు పచ్చగా ఉండాలి.

ఆ వేరుకే ఇప్పుడు ముప్పు వచ్చినది. 2010 తరువాత శిలీంధ్ర వ్యాధి ఒకటి ఆ దీవిలో లక్షలాది ఓహియా చెట్లను బలిగొన్నది. మట్టితోపాటు తెగులు వ్యాపించకుండా సందర్శకులు పాదరక్షల అడుగులను బ్రష్షుతో శుభ్రపరచుకోవాలి. మేమును ఆ పని చేశాము. పైన ఒక చెట్టు ఎండిపోతే, ఇంకా పేరైనా పెట్టని ఒక జాతి క్రింద శాశ్వతంగా మూగబోవచ్చును. ఆ బ్రష్షుకు వెచ్చించిన రెండు నిమిషాలు వృథా కావని మా నమ్మకం.