మా నాయన వద్దన్న సంఘం



నేను ప్రొద్దుటూరులో వినికిడి, మాట చికిత్స చేస్తుంటాను. మా వాడు మన స్కూల్లోనే ఐదో తరగతి. సోమవారాలు జమ్మలమడుగులో, గురువారాలు పులివెందులలో కూర్చుంటాను. పోయిన నెల ఒక గురువారం పేషెంట్లందరూ వెళ్ళిపోయేదాకా బయట బెంచీ మీద ఒకావిడ ఓపిగ్గా కూర్చుని ఉన్నారు. చిన్నవాడు మన పులివెందుల బ్రాంచిలో చదువుతున్నాడట, పేరెంట్స్ గ్రూపులో నా నంబరు చూశారట. చెవి నొప్పి కాదు, మాట ఇబ్బందీ కాదు. వాళ్ళ పెద్దమ్మాయి ఇంటర్ బైపీసీ అయ్యాక బీఏఎస్‌ఎల్‌పీ, అంటే నేను చదివిన డిగ్రీలోనే చేరింది. రెండు నెలలైంది. స్టూడెంట్స్ అసోసియేషన్‌లో చేరతాను, ఐదొందలు పంపమని ఫోన్ చేసింది.

"వాళ్ళ నాయన ఆ మాట వింటూనే ఫోన్ పెట్టేసినాడు మేడం. చదువుకోను పంపిస్తే సంఘాలంటాదని. మీరైనా చెప్పండి, చేరాల్నా వద్దా?" అన్నారావిడ.

ఆ రోజు నాకు బస్సు టైం అయిపోతోంది. "చేరనియ్యండమ్మా, మంచిదే" అని ఒక్క ముక్క చెప్పి లేచాను. దారి పొడుగునా ఆ సమాధానం నాకే చాల్లేదనిపించింది. మీలో చాలామంది పిల్లలు రేపు ఏదో ఒక వృత్తి చదువుకు ఊరు దాటి వెళ్తారు. ఇదే ఫోన్ మీకూ వస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మన జిల్లాలో సంఘం, యూనియన్ అంటే తల్లిదండ్రులకు గుండె ఎందుకు గుభేలుమంటుందో నాకు తెలుసు. జెండాలు, బందులు, కాలేజీ గేటు దగ్గర గొడవలు, చివరికి ఎవరి వెనకనో తిరగడం. మా నాయన కూడా అదే అన్నాడు. మాది జమ్మలమడుగు. ఎర్రగుంట్ల వైపు ఒక చిన్న నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో ఆయనది వాటా. నేను ఎంబీబీఎస్ ర్యాంకు రాక ఈ కోర్సులో చేరాను, ఆ సంగతి దాచుకోవడమెందుకు. మొదటి సంవత్సరం అసోసియేషన్ గురించి చెప్పగానే, "సంఘాలు గింఘాలు వద్దు పాపా. నీ చదువేందో నువ్వు చదువుకో" అన్నాడు. చేరలేదు. ఏడాదిన్నర పాటు హాస్టల్, క్లాసు, లైబ్రరీ, అంతే.

ఇంతకీ అది ఎలాంటి సంఘం? మా కాలేజీలో ఉన్నది నలభై మంది పిల్లలు. శనివారం మధ్యాహ్నం ఒక క్లాసురూములో కూర్చుని ఆ వారం చూసిన కేసుల గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఏడాదికి రెండు మూడు క్యాంపులు, ఒక క్విజ్జు, అక్టోబరు 22న నత్తి గురించి అవగాహన కార్యక్రమం. మన దేశంలో ఈ వృత్తికి 1960లలోనే ఇండియన్ స్పీచ్ అండ్ హియరింగ్ అసోసియేషన్ ఏర్పడింది. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965లో మొదలైంది. ఆ అసోసియేషన్ ఏటా పెట్టే మహాసభను ఇషాకాన్ అంటారు. పెద్ద ప్రొఫెసర్లు మాట్లాడే చోటే విద్యార్థులూ తమ పేపర్లు చదువుతారు. అమెరికాలో అయితే ఈ చదువు చదివే విద్యార్థులకే ప్రత్యేకంగా ఒక జాతీయ సంఘం ఉంది. ఎన్‌ఎస్‌ఎస్‌ఎల్‌హెచ్‌ఏ అంటారు, 1972లో పెట్టారు. మాస్టర్స్‌కని అక్కడికి వెళ్ళే పిల్లల్లో చాలామందికి మొదటి స్నేహితులు దొరికేది అక్కడే. జెండా పట్టే పని వీటిలో దేంట్లోనూ లేదు.

నేను చేరడానికి కారణం మాత్రం ఇవేవీ కావు. ఒక ఎర్రగడ్డ.

రెండో సంవత్సరం మధ్యలో మమ్మల్ని క్లినిక్‌లో కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. ఒకరోజు మన వైపు నుంచే వచ్చిన ఐదేళ్ళ బాబును నాకు అప్పగించారు. మాటలు ఆలస్యమని తల్లి భయం. బొమ్మలు చూపిస్తే వాడు పేర్లు చెప్పాలి, నేను షీట్‌లో టిక్కు పెట్టాలి. ఉల్లిపాయ బొమ్మ చూపిస్తే ఎర్రగడ్డ అన్నాడు. బంగాళదుంపకు ఉర్లగడ్డ. గేదెకు ఎనుము. వేరుశనగకు చెనిక్కాయలు. నా చేతిలోని షీట్‌లో ఆ మాటలు లేవు. అన్నిటికీ తప్పు పెట్టుకుంటూ పోయాను. వయసుకు తగ్గ భాష లేదని లెక్క వచ్చింది. ఆ తల్లి మొహం ఎట్లా మారిందో నాకిప్పటికీ గుర్తుంది.

ఆ శనివారం నా రూమ్మేటు బలవంతం మీద వెళ్ళి, అసోసియేషన్ మీటింగ్‌లో వెనక బెంచీలో కూర్చున్నాను. అందరూ కేసు చెప్తున్నారు, నన్నూ చెప్పమన్నారు. చెప్పాను. ఫైనలియర్ అక్క ఒకామె అంతా విని, "మీదే ఊరు?" అంది. జమ్మలమడుగు అన్నాను. "మీ ఇంట్లో ఉల్లిపాయను ఏమంటారమ్మా?" అంది.

నాకు నోట మాట రాలేదు. మా ఇంట్లో పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఎర్రగడ్డే. సంతలో నేను కొన్నదీ ఎర్రగడ్డే. షీట్ చేతికి రాగానే మా అమ్మ మాటను తప్పని కొట్టేశాను.

ఎవరూ నవ్వలేదు. సోమవారం పొద్దున నాతోబాటు ఇద్దరు సీనియర్లు మేడం దగ్గరికి వచ్చారు. ఆ తల్లికి కబురు పెట్టి మళ్ళీ పిలిపించి, మేడం పక్కన కూర్చుని మళ్ళీ పరీక్ష చేయించారు. వాడికి కొన్ని అక్షరాలు పలకడంలో ఇబ్బంది ఉన్నమాట నిజమే, కానీ భాష లేకపోవడం కాదు. ఆ రెంటికీ చేసే చికిత్స వేరు, తల్లి మోసే బరువూ వేరు. ఆ తర్వాత మేం నలుగురం రాయలసీమ పిల్లలం కూర్చుని, మన ఇళ్ళలో వాడే మాటలు ఒక నోటుబుక్కులో రాశాం. మా జూనియర్లు దాన్ని జిరాక్స్ తీసుకున్నారు. నా కాపీ ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది, అట్ట పోయింది.

ఈ తప్పు క్లాసులో బయటపడేది కాదు. పరీక్షల్లో నాకు మంచి మార్కులే వచ్చేవి. తప్పు చేశానని చెప్పుకోగలిగే చోటు, విని సరిదిద్దే నాలుగేళ్ళ పెద్దవాళ్ళు కావాల్సి వచ్చింది. మాస్టార్ల ముందు మనం తెలిసినట్టే కూర్చుంటాం కదా.

నాయనకు చెప్పకుండానే ఐదొందలు కట్టాను. మెస్ బిల్లులో కలిపేశాను. మా వాడు రేపు ఇట్లాంటి పని చేస్తే నేనేమంటానో తెలీదు.

తర్వాతి సంవత్సరం క్యాంపు ఎక్కడ పెడదామన్నప్పుడు నేనే జమ్మలమడుగు అన్నాను. రాళ్ళ ఫ్యాక్టరీల్లో కటింగ్ మిషన్ల దగ్గర పనిచేసేవాళ్ళకు వినికిడి పరీక్షలు. విద్యార్థులు సొంతంగా పరీక్షలు చేయకూడదు, అర్హత ఉన్న ఆడియాలజిస్టు పక్కనుండాలి. కాబట్టి మా సార్‌ను ఒప్పించాలి, మిషన్లు అడగాలి, ఊర్లో నిశ్శబ్దమైన గది వెతకాలి, బస్సు, భోజనం, ఫారాలు. ఈ పనులన్నీ మేమే చేశాం. ఈరోజు మూడు ఊళ్ళలో నా క్లినిక్ నడుస్తోందంటే ఆ నెల రోజుల్లో నేర్చుకున్నదే ఎక్కువ.

గది కోసం ఊర్లో ఎవర్ని అడగాలి? చివరికి నాయనకే ఫోన్ చేశాను. అప్పుడు చెప్పక తప్పలేదు, ఇది అసోసియేషన్ పని అని. కాసేపు ఏమీ అనలేదు. "ఎంతమంది వస్తాండారు?" అన్నాడు. పన్నెండు మంది అన్నాను. "భోజనం నేను చూస్తాలే" అన్నాడు.

ఇప్పుడు ప్రపంచ వినికిడి దినమంటున్న మార్చి 3కు దగ్గరలో ఒక ఆదివారం. ఆదివారమే ఎందుకంటే, మిషన్ల శబ్దంలోంచి నేరుగా వచ్చిన మనిషికి చెవి తాత్కాలికంగా మొద్దుబారి ఉంటుంది. కనీసం ఒక రాత్రి విశ్రాంతి ఉంటేగానీ అసలు సంగతి తేలదు. ఒక బడిలో మూలగది ఇచ్చారు. ఫ్యాను తిరిగితే ఆ చప్పుడుకు పరీక్ష చెడిపోతుందని ఆపేశాం. మన మార్చి ఎండలు మీకు చెప్పాలా, అందరం తడిసి ముద్దయ్యాం.

మధ్యాహ్నానికి వరుసలో జనం తగ్గారు. సాంబారు బకెట్టు దింపి వచ్చిన నాయనను మా జూనియర్ అబ్బాయి, "అంకుల్, మీరూ కూర్చోండి" అన్నాడు. "నాకేం చెవుడు లేదు నాయనా, ఇంట్లోవాళ్ళే గొణుగుతారు" అంటూనే కూర్చున్నాడు.

నేను చేయలేదు పరీక్ష. పక్కన నిలబడి గ్రాఫు చూస్తున్నాను. తక్కువ ధ్వనులు బాగానే ఉన్నాయి. 4000 హెర్ట్జ్ దగ్గర గీత గుంతలోకి పడ్డట్టు పడింది, రెండు చెవులకూ. శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపానికి అదే గుర్తు. పుస్తకంలో ఆ బొమ్మ నేను ఎన్నిసార్లు చూశానో. 85 డెసిబెల్స్ దాటిన శబ్దంలో రోజుకు ఎనిమిది గంటలు ఏళ్ళ తరబడి ఉంటే లోపలి చెవిలో కణాలు చచ్చిపోతాయి, మళ్ళీ పుట్టవు. స, శ లాంటి సన్నటి ధ్వనులు ముందు పోతాయి. మాట వినపడుతుంది, ఏమన్నారో అర్థం కాదు. అందుకే అందరూ గొణుగుతున్నట్టుంటుంది. ఆయన టీవీ సౌండు పెంచుతాడని అమ్మ, మేము ఎన్నేళ్ళుగా విసుక్కున్నామో గుర్తొచ్చి నేను బయటికి వెళ్ళిపోయాను.

ఆరోజు చూసినవాళ్ళలో చాలామందికి కొద్దో గొప్పో అదే గుంత. ఆ వారంలోనే ఫ్యాక్టరీలో అందరికీ చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు తెప్పించాడు నాయన. తను మాత్రం రెండేళ్ళకుగానీ మిషన్ పెట్టుకోలేదు. ఊర్లో చూస్తే ఏమనుకుంటారని.

ఇక మీరు అడగబోయే ప్రశ్నలు. చదువు దెబ్బతినదా? నాకు మూడో సంవత్సరం ఒక సెమిస్టరులో మార్కులు తగ్గాయి, క్యాంపు నెలలో. తర్వాత సర్దుకున్నాయి. ఉద్యోగం వస్తుందా? సభ్యత్వం కార్డు చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. కానీ నా మొదటి ఉద్యోగం గురించి చెప్పింది ఆ ఎర్రగడ్డ అక్కే. ఆరోగ్యశ్రీ కింద చిన్నపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్లు జరుగుతున్న రోజులవి. ఆపరేషన్ అయ్యాక పిల్లవాడికి వినడం నేర్పాలి, మాట నేర్పాలి. దానికి తెలుగు వచ్చిన థెరపిస్టుల కోసం వెతుక్కునేవాళ్ళు.

అన్ని అసోసియేషన్లూ ఒకటే అని మాత్రం చెప్పను. ఫ్లెక్సీ కట్టి, కేకు కోసి, ఫోటోలు గ్రూపులో పెట్టేవీ ఉన్నాయి. పోయిన ఏడాది ఏం చేశారో అడగమనండి, ఏ మేడం లేదా సార్ చూసుకుంటున్నారో అడగమనండి. డబ్బుకు రశీదు ఇస్తారా లేదా కనుక్కోమనండి. అన్నిటికన్నా ముందు చూడాల్సింది కాలేజీకి భారత పునరావాస మండలి, అదే ఆర్‌సీఐ గుర్తింపు. అది లేకపోతే నాలుగేళ్ళ తర్వాత రిజిస్ట్రేషన్ రాదు, ప్రాక్టీసు చేయడానికి లేదు. సంఘం సంగతి ఆ తర్వాతి మాట.

పులివెందుల ఆవిడకు ఈ కాగితం రాసి పూర్తికాకముందే ఫోన్ చేసి ఎర్రగడ్డ కథ చెప్పాను. పక్కనే వాళ్ళాయన ఉన్నాడు కాబోలు, స్పీకర్లో పెట్టారు. అంతా విని ఆయన అడిగింది ఒక్కటే. "మేడం, మీ నాయన ఇప్పుడు మిషన్ పెట్టుకుంటాండాడా?"

మనవడు వచ్చినప్పుడు పెట్టుకుంటాడని చెప్పాను. మా అమ్మ ఏదైనా పని చెప్పబోతే తీసి జేబులో వేసుకుంటాడు.