పచ్చికాయలు

మా పాడేరు ఏజెన్సీలో డిసెంబరు వచ్చిందంటే ఇంటిల్లిపాదీ కాఫీ తోటలోనే. ఎర్రగా పండినవే కోయాలి, పచ్చివి కలిస్తే ధర తగ్గుతుంది. మాకు ఆ కోత నేర్పింది నాన్నే. అలాంటి నాన్న బుట్టలో మూడేళ్ళ కిందట పచ్చికాయలు కనిపించాయి. మేం నవ్వాం. వయసు మీద పడిందిలే అనుకున్నాం. అప్పటికి ఆయనకు యాభై రెండేళ్ళే.

నాన్నకు షుగరు ఉందని ఆరేళ్ళుగా తెలుసు. నెలనెలా మాత్రలు తెచ్చేది మేమే. అన్నం తగ్గించమన్నారు, కాళ్ళకు పుండ్లు పడకుండా చూసుకోమన్నారు. కళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. ఇంట్లో ఇద్దరం చదువుకున్నవాళ్ళం ఉండి కూడా మేం అడగలేదు.

శుక్లమేమో అని కంటి శిబిరానికి తీసుకెళ్తే, డాక్టరు చుక్కలు వేసి, లైటుతో చూసి, కాదన్నారు. కంటి లోపల వెనకవైపు రెటీనా అనే పలచని పొర ఉంటుంది. ఏళ్ళ తరబడి షుగరు ఎక్కువగా ఉండి, దాని సన్నని రక్తనాళాలు దెబ్బతిని కారుతున్నాయట. నొప్పి ఉండదు. మొదట్లో చూపూ తగ్గదు. విశాఖపట్నం వెళ్ళి లేజర్ చేయించాం. కుడికన్ను నిలబడింది. ఎడమకంటికి ఆలస్యమైపోయింది.

తర్వాత చదివాం. 2015-19లో ప్రభుత్వం చేయించిన జాతీయ సర్వేలో, యాభై దాటిన షుగరు వాళ్ళలో 16.9 శాతం మందికి ఈ జబ్బు ఉందట. అంటే దాదాపు ఆరుగురిలో ఒకరికి. షుగరు ఉందని తెలిసినవాళ్ళలో ఇంచుమించు 90 శాతం మంది దీనికోసం ఎన్నడూ కళ్ళు చూపించుకోలేదట. మమ్మల్ని కుదిపింది ఈ రెండో లెక్కే. శిబిరానికి వెళ్ళేదాకా నాన్న ఆ తొంభైలోనే ఉన్నాడు.

షుగరు బయటపడినప్పుడే ఒకసారి, ఆపైన ఏడాదికోసారి చూపించుకోవాలి. చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు మసకే. ఒక్కరే ఘాట్ రోడ్డు బస్సెక్కి రాలేరు, తోడు కావాలి. అంటే ఇద్దరి కూలి పోయినట్టే. మనవాళ్ళు వెళ్ళకపోవడానికి భయం కన్నా ఇదే పెద్ద కారణమని మాకనిపిస్తుంది.

మొన్న సంతలో పిన్నిని అడిగాం. ఆమెకు షుగరు వచ్చి ఎనిమిదేళ్ళు.

"కళ్ళు చూపించుకున్నావా పిన్నీ?"

పిన్ని ఎదురు కొండ మీద మేస్తున్న మేకల్ని లెక్కపెట్టి చెప్పింది. "నాకేమైందర్రా, అన్నీ కనబడుతున్నాయి."

లెక్క సరిగ్గానే ఉంది. అయినా వచ్చే సోమవారం మాలో ఒకరం ఆమెతో వెళ్తున్నాం.