బుగ్గారం బాటలో బండ్ల ముచ్చట

ధర్మపురి నరసింహస్వామిని సేవించి, గోదావరిలో మునిగి వచ్చే యాత్రికులు చేరువలోనే ఉన్న బుగ్గారాన్ని తలచుకోవడం తక్కువ. ఒకప్పుడు ఈ ఊరి పేరుతో శాసనసభా స్థానమే ఉండేది. 2009 ఎన్నికల నాటికి అది పోయి ధర్మపురి స్థానం వచ్చింది. 2016 అక్టోబరులో జగిత్యాల జిల్లా ఏర్పడినప్పుడు బుగ్గారం మండల కేంద్రమయింది. బుగ్గ అంటే నీటి ఊట. పేరులోనే తడి ఉన్న ఊరు.

ఈ ప్రాంతపు పల్లెల్లో రెండు సంగతులు చూపరులను ఆకర్షిస్తాయి. ఒకటి దుబాయి, మస్కట్‌లకు పోయిన కొడుకుల కోసం ఎదురుచూసే ఇండ్లు. రెండవది ఆ ఇండ్ల ముందర నిలిచిన మోటారు సైకిళ్లు. కొత్త బండి కొన్నవారు కొండగట్టు అంజన్న సన్నిధికి తీసుకుపోయి, పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి తెచ్చుకుంటారు. అంజన్న రక్ష సరే, కాగితాల రక్ష మాటేమిటి?

"బండి అమ్మిన సారూ, పైకం ముట్టింది, తాళంచెవి ఇచ్చిన. ఇగ దానితోటి నాకేం పని?" అన్నాడు గల్ఫు ప్రయాణానికి సిద్ధమవుతున్న ఒక యువకుడు. పని ఉన్నది! రిజిస్ట్రేషను మారనంత వరకు చట్టం దృష్టిలో యజమాని అతడే. కొన్నవాడు ప్రమాదం చేస్తే పరిహారపు భారం రిజిస్టరులో పేరున్న వానిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. బీమా లేకపోతే ఎడారిలో చెమటోడ్చి పంపిన సొమ్ము ఆ దావాకే పోతుంది. అందుకే అమ్మిన పద్నాలుగు రోజులలోగా రవాణా కార్యాలయానికి తెలియపరచాలి.

మోసగాండ్రకు కావలసినది సరిగ్గా ఈ అశ్రద్ధయే. ప్రమాదంలో నుజ్జయిన కారును తుక్కు ధరకు కొంటారు. వారికి కావలసినది ఇనుము కాదు, కాగితాలు. అదే రకం కారును మరొకచోట దొంగిలించి, ఛాసిస్ నంబరు అరగదీసి, పాత నంబరు చెక్కుతారు. చచ్చిన బండి పేరుతో దొంగబండి తిరుగుతుంది! విప్పిన దొంగబండ్ల భాగాలకు పేరుమోసిన మీరట్‌లోని సోతీగంజ్ బజారు 2021 డిసెంబరులో మూతపడింది. 2024 జూలైలో అమలుకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత బండ్ల చౌర్యాన్ని వ్యవస్థీకృత నేరాలలో చేర్చింది.

దురాశ ప్రాణాల మీదికి కూడా వస్తుంది. 2023 జనవరిలో మెదక్ జిల్లా టేక్మాల్ మండలంలో ఒక కారు తగలబడి, లోపల కాలిన శవం కనిపించింది. కారు యజమానియే పోయాడని ఊరంతా ఏడ్చింది. తీరా విచారిస్తే యజమాని బ్రతికే ఉన్నాడు! కోట్ల రూపాయల బీమా కోసం వేరొక అమాయకుని బలి ఇచ్చాడని పోలీసులు వెల్లడించారు.

బీమా అనేది ఊరుమ్మడి చెరువు వంటిది. అందరూ తలా కొంత పోసిన నీరు, ఎవరి పొలం ఎండితే వారికి పారుతుంది. దొంగ దావా ఆ చెరువుకు గండి. గండి కొట్టినవాడు తప్పించుకుంటాడు. ఎండేది మాత్రం చివరి మడి. నిజంగా భర్తను పోగొట్టుకున్న ఇల్లాలిని సైతం అనుమానించి పదిసార్లు తిప్పే దుస్థితి అందువల్లనే వస్తుంది. గుర్తు తెలియని వాహనం ఢీకొడితే, వేరొకరి బీమా బండిని తెచ్చి చూపమనే దళారులు ఉంటారు. ఆ అవసరమే లేదు. అట్టి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయలు ఇచ్చే కేంద్ర పథకం 2022 ఏప్రిల్ నుంచి ఉన్నది.

పాత బండి కొనేవారు కాగితంలోని ఛాసిస్, ఇంజను నంబర్లను బండిమీది అంకెలతో పోల్చి చూడాలి. రెండు తాళంచెవులూ అడిగి తీసుకోవాలి. బండి పోతే వెంటనే ఠాణాలో ఫిర్యాదు వ్రాయించి, బీమా సంస్థకూ తెలపాలి. ఫిర్యాదు తక్షణమే చేసి ఉంటే, సంస్థకు తెలపడంలో జాప్యమైనదన్న ఒక్క సాకుతో పరిహారం నిరాకరించరాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

ధర్మపురి యాత్రకు వెళ్లినవారు తిరుగు దారిలో బుగ్గారం పల్లెలను కూడా చూసి రావాలి. అక్కడి ప్రతి వాకిట్లోని బండి వెనుక ఎవరిదో పరదేశపు చెమట ఉన్నది. దానిని కాపాడేందుకు తాళం ఒక్కటే చాలదు, కాగితం కూడా కావాలి.