మట్టికోట

బుచ్చయ్యపేట నుంచి స్కాట్లాండ్‌లోని కూతురి దగ్గరకు వెళ్లిన మాస్టారికి అల్లుడు వారం వారం కొండల్లో కోటలు చూపించాడు. లాక్‌నెస్ సరస్సు ఒడ్డున అర్కర్ట్ కోట శిథిలం. 1692లో కాపలా సైనికులే వెళ్తూ వెళ్తూ మందుగుండు పెట్టి పేల్చేశారట. ఐలీన్ డోనన్ మాత్రం భేషుగ్గా ఉంది. నిజానికి అదీ 1719లో బ్రిటిష్ యుద్ధనౌకల దెబ్బకి కూలిందే. 1932 నాటికి తిరిగి కట్టేశారు. కూలిన కోటకీ టికెట్టు పెట్టడం వాళ్లకే చెల్లింది!

"తాతయ్యా, మనకి కోటల్లేవా?" వంతెన మీద నడుస్తూ అడిగాడు మనవడు.

"లేకేం! బొబ్బిలి."

"ఇంత ఎత్తుంటుందా?"

మాస్టారు తడుముకున్నారు. ఇప్పుడున్నది తర్వాత కట్టింది. 1757 జనవరి 24న ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు, విజయనగరం సేనలు కలిసి కూల్చింది మట్టికోటని. ఆ యుద్ధానికి గుర్తుగా ఓ స్మారక స్తంభం ఉంది. మిగిలింది కథే. తాండ్ర పాపారాయుడి దాకా హుషారుగానే చెప్పారు. కోటలోని ఆడవాళ్లు, పిల్లలు ఏమయ్యారన్న దగ్గర మాట ఆగిపోయింది. శత్రువుకి చిక్కకూడదని అయినవాళ్లే చంపుకున్నారని ఏడేళ్లవాడికి ఎలా చెప్పడం?

"వద్దు నాన్నా" అంది కూతురు మెల్లిగా. పిల్లాడికీ తెలుగొచ్చునని మరిచిపోయినట్టుంది.

"పిల్లలు చచ్చిపోయారా?"

"అందరూ కాదురా. చిన్న రంగారావుని దాటించేశారు. 1794లో పద్మనాభం యుద్ధంలో విజయనగరం ఓడాక, కుంపిణీవాళ్లు బొబ్బిలిని అతనికే తిరిగిచ్చారు."

"మరి కోట?"

"మళ్లీ కట్టుకున్నారు."

వాడు వంతెన గోడ రాయిని అరచేత్తో తట్టి, "మట్టితోనేనా?" అన్నాడు.