కౌన్సెలింగ్ అంటే సీటు కాదండీ

కౌన్సెలింగ్ అనే మాట వినగానే మన తెలుగువాళ్ళకి ఏం గుర్తొస్తుంది? నాకైతే ఎంసెట్ ర్యాంకు కార్డు, టెన్త్ మెమో, క్యాస్ట్ సర్టిఫికెట్, వాటి జిరాక్సులు అన్నీ కుక్కి పెట్టుకున్న ప్లాస్టిక్ ఫోల్డరు గుర్తొస్తుంది. ఎంసెట్ పేరు ఈఏపీసెట్ అయిపోయినా, ఆప్షన్లు ఇంట్లో కూర్చుని పెట్టుకుంటున్నా, ఆ తంతుని ఇప్పటికీ కౌన్సెలింగ్ అనే అంటాం. రెండో అర్థం పోలీసులది. తాగి బండి నడిపిన కుర్రాళ్ళని, అమ్మానాన్నల్ని పక్కన నిలబెట్టి, "కౌన్సెలింగ్ ఇచ్చి పంపించారు" అని పేపర్లో వస్తుంది కదా, అదన్నమాట. అంటే ఒక అర్థం సీటు, రెండోది చీవాట్లు.

నేను ఇంటర్ చదివిన కాలేజీలో ఈ రెండో రకం బాగా జరిగేది. విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీ (పేరెందుకు లెండి, అన్నీ ఒకే తాను ముక్కలు). వీకెండ్ టెస్టులో ర్యాంకు జారినవాళ్ళని సోమవారం ఏఓ రూముకి పిలిచేవాళ్ళు. "మీ నాన్న ఎంత ఫీజు కడుతున్నాడో తెలుసా" అన్న దగ్గర మొదలయ్యేది. ఇంటికి ఫోన్ వెళ్ళేది. దాన్ని కూడా కౌన్సెలింగ్ అనే రిజిస్టర్లో రాసుకునేవాళ్ళు!

నా పక్క మంచం వాడు ఫిజిక్స్‌లో మా అందరికంటే చురుకు. లెక్క పైకి చదివి వినిపిస్తే కాగితం ముట్టుకోకుండా ఆన్సరు చెప్పేవాడు. అదే లెక్క పేపరు మీద ఉంటే మధ్యలో ఉన్న 'నాట్' అనే మాట ఎగిరిపోయేది. సగం పేపరు అయ్యేసరికి టైమైపోయేది. ఓఎంఆర్ షీటులో వరస తప్పి ఇరవై ఆన్సర్లు ఒక గడి కిందకి జరిగిపోయిన రోజు కూడా ఉంది. వాడిని మొదట సెక్షన్ మార్చారు, తర్వాత బిల్డింగే మార్చారు. ఫస్టియర్ అయ్యాక వాడు తిరిగి రాలేదు. వాడికి ఉన్న ఇబ్బందికి పేరేంటో తేల్చడం నా పని కాదు. కానీ తేల్చడం తన పని అనుకునే మనిషి ఆ కాలేజీ మొత్తంలో ఒక్కరూ లేరు. డీన్ ఉన్నాడు, ఫ్లోర్ ఇన్‌ఛార్జ్ ఉన్నాడు, వార్డెన్ ఉన్నాడు, పీఆర్వో ఉన్నాడు, మెస్సులో దోసెలు లెక్కపెట్టడానికి కూడా ఒకాయన ఉన్నాడు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, వచ్చిన ప్రతి టికెట్‌నీ 'యూజర్ ఎర్రర్' అని క్లోజ్ చేసేయడమే. లాగ్స్ తెరిచి చూసే నాథుడు లేడు.

ఈ లాగ్స్ చూసే ఉద్యోగాలు బడుల్లో నిజంగానే ఉంటాయని నాకు మా అక్క వల్ల తెలిసింది. అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. న్యూజెర్సీలో ఉంటుంది. వాళ్ళబ్బాయి అక్కడి గవర్నమెంటు బడిలో మూడో తరగతి. ఒక రోజు ఫోన్ చేసి, "బళ్ళో వాళ్ళు వీడికి ఏవో టెస్టులు చేస్తామంటున్నార్రా, మమ్మల్ని సంతకం పెట్టమంటున్నారు" అని ఏడుపు గొంతుతో చెప్పింది. బావగారు ససేమిరా అన్నారు. "మావాడికేంటి, చెస్‌లో నన్నే ఓడిస్తాడు, చదవడానికి బద్ధకం అంతే" అని ఆయన వాదన. ఒకసారి రికార్డులో ఎక్కితే రేపు కాలేజీ అడ్మిషన్లకి అడ్డమేమో అని ఆయన లోపలి భయం. గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నవాళ్ళకి ఏ కాగితం చూసినా భయమే, ఆయన్ని తప్పుపట్టలేం.

అక్కడ ఈ పని ఎలా నడుస్తుందో అక్క చెబుతుంటే నేను ప్రాసెస్ డాక్యుమెంటు చదివినట్టు విన్నాను. ఇబ్బంది ఉన్న పిల్లల్ని గుర్తించి, వాళ్ళకి తగ్గట్టు చదువు చెప్పడం బడి బాధ్యత అని అమెరికాలో 1975లో చట్టం చేశారు. పైసా తీసుకోకూడదు. తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఆ పరీక్షలు మొదలుపెట్టకూడదు. న్యూజెర్సీలో దీనికి చైల్డ్ స్టడీ టీమ్ అని ఉంటుంది. అందులో ఒక సైకాలజిస్టు, ఒక సోషల్ వర్కరు, 'లెర్నింగ్ డిసేబిలిటీస్ టీచర్ కన్సల్టెంట్' అని ఒకరు ఉంటారు. ఆ మూడోవాళ్ళ పని పిల్లాడు చదువులో సరిగ్గా ఎక్కడ జారుతున్నాడో పట్టుకోవడం. సంతకం పెట్టాక 90 రోజుల్లో పరీక్షలు అవ్వాలి, అవసరమని తేలితే ప్లాను కూడా అమల్లోకి రావాలి. మన ప్రాజెక్టుల్లో డెడ్‌లైన్లకి ఇంత చట్టబద్ధత ఉంటే ఎంత బావుండు :)

ఈలోపు చుట్టాలు ఊరుకుంటారా? "ఇంట్లో తెలుగు మాట్లాడటం వల్లే పిల్లాడు కన్‌ఫ్యూజ్ అవుతున్నాడు, మానేయండి" అని నలుగురూ నాలుగు రకాలుగా సలహా ఇచ్చారు. అక్క దాదాపు మానేసింది కూడా. నిజానికి ఇబ్బంది ఇంగ్లీషు సరిగా రాకపోవడం వల్ల వచ్చిందా, లేక చదవడంలోనే ఉందా అన్నది విడదీసి చూడాలని ఆ చట్టంలోనే ఉంది. టీమువాళ్ళు అదంతా చూసి, ఇంట్లో తెలుగు ఆపాల్సిన పనే లేదని చెప్పారు. అక్కకి సగం బరువు అక్కడే దిగింది.

రెండు నెలలు సాగదీసి చివరికి బావగారు సంతకం పెట్టారు. తేలిందేమిటంటే తెలివికి లోటు లేదు, శబ్దాన్నీ అక్షరాన్నీ జతచేయడం దగ్గర చిక్కు. ప్లాను రాశారు. వారానికి నాలుగు రోజులు ఒక చిన్న గదిలో ముగ్గురు పిల్లలతో కలిపి చదివించడం, పరీక్షలకి ఎక్కువ టైము, లెక్కల్లో ప్రశ్న చదివి వినిపించడం. (ఈ మూడోది విన్నప్పుడు నా పక్క మంచం వాడు గుర్తొచ్చి కాసేపు మాట రాలేదు.) ఆ చిన్న గదిలో టీచరు ఒక ట్రేలో ఇసక పోసి, శబ్దం పలుకుతూ వేలితో అక్షరం రాయిస్తుంది. ఇంటి దగ్గర కూడా చేయించమంటే అక్క బియ్యం పోసి చేయించిందట. అప్పుడు అక్కడే ఉన్న మా పెద్దమ్మ, "ఇదేమిటే, బాసరలో చేయించాం కదా, మళ్ళీ అక్షరాభ్యాసమా?" అంది. మనకి అచ్చు ఎలా పలుకుతామో దాదాపు అలాగే రాస్తాం, గుణింతం వస్తే సగం గట్టెక్కినట్టే. ఇంగ్లీషులో ఒకే అక్షరాల గుంపు ఒక్కో మాటలో ఒక్కోలా పలుకుతుంది. ఈ రకం పిల్లలకి అక్కడ ఊపిరాడదు.

కౌన్సెలర్ మాత్రం వేరే మనిషి. పిల్లాడికి సోమవారం పొద్దున్నే కడుపునొప్పి వచ్చేది, డాక్టరు దగ్గర ఏమీ తేలేది కాదు. ఆవిడ వాడినీ ఇంకో ఇద్దరినీ వారానికోసారి తన గదిలో లంచ్ చేయమని పిలిచేది. చదువు గురించి ఏమీ అడగలేదు, బొమ్మలు వేయించింది, కబుర్లు చెప్పించింది. మూడోవారం విషయం బయటపడింది. సోమవారం మొదటి పీరియడ్‌లో ఒక్కొక్కరు లేచి ఒక పేరా పైకి చదవాలి, అదీ సంగతి! ఆవిడ క్లాస్ టీచరుతో మాట్లాడి, వాడు చదవాల్సిన పేరా శుక్రవారమే ఇంటికి పంపే ఏర్పాటు చేసింది. కడుపునొప్పి తగ్గిపోయింది.

నాకు ఈ ముక్క బాగా పట్టుకుంది. ఆవిడ వాడికి ధైర్యం చెప్పి, "నువ్వు చేయగలవు" అని భుజం తట్టి పంపేయలేదు. క్లాసులో ఒక పద్ధతిని మార్పించింది. అలా మార్పించే అధికారం ఆవిడకి ఉంది. అది లేకుండా ఎంత మంచి మనిషిని కూర్చోబెట్టినా మా ఏఓ రూముకి ఇంకో కుర్చీ వేసినట్టే.

అక్కడంతా స్వర్గం అనుకోకండి. ఒక కౌన్సెలర్‌కి 250 మంది పిల్లలకి మించకూడదని వాళ్ళ సంఘమే చెబుతుంది, చాలా రాష్ట్రాల్లో అంతకంటే ఎక్కువమందే ఉన్నారు. మీటింగులకి సెలవు పెట్టి వెళ్ళి గట్టిగా అడిగే తల్లిదండ్రుల పిల్లలకి పని త్వరగా అవుతుంది. అడగడం రానివాళ్ళ పిల్లలు అక్కడా వెనకే.

మరి మన దగ్గర? కాగితం మీద తక్కువేం లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ చదువు ఇబ్బందులు కూడా ఉన్నాయి. సీబీఎస్ఈ పరీక్షల్లో అలాంటి పిల్లలకి అదనపు టైము, రాసిపెట్టే మనిషి ఇస్తారు. కానీ సర్టిఫికెట్ కావాలి, దానికి ముందు ఎవరో ఒకరు గమనించాలి కదా. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళంలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. విశాఖలో 2023లో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పిస్తూ, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హతగల కౌన్సెలరో సైకాలజిస్టో కనీసం ఒకరు ఉండాలని చెప్పింది. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టకూడదనీ, అందరి ముందూ అవమానించకూడదనీ కూడా చెప్పింది. ఈ రెండూ తీసేస్తే మా కాలేజీలో మిగిలేది బిల్డింగు ఒక్కటే.

నా అనుమానం ఏంటంటే, ఇది మనం ఆఫీసులో చేసే కంప్లయన్స్ ట్రైనింగ్‌లా తయారవుతుందేమో అని. నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్, సర్టిఫికెట్ డౌన్‌లోడ్. ఫ్లోర్ ఇన్‌ఛార్జ్ డోరు మీద బోర్డు మార్చడానికి ఎంతసేపు? అందుకే మా చిన్నాన్న కూతుర్ని ఇంటర్‌లో చేర్చడానికి కాలేజీలు చూస్తున్నప్పుడు పిన్నికి మూడు ప్రశ్నలు రాసిచ్చాను. కౌన్సెలర్ ఎవరు, ఏం చదివారు? ఆయన ఎవరికి రిపోర్ట్ చేస్తారు? పిల్ల చెప్పింది ఏఓకి చేరుతుందా?

మొన్న ఆదివారం ఒక క్యాంపస్‌లో పిన్ని మొదటి ప్రశ్న అడిగేసింది. పీఆర్వో గారు నవ్వుతూ, "మీరేం టెన్షన్ పడకండి మేడమ్, ర్యాంకు వచ్చాక కౌన్సెలింగ్ కూడా మేమే దగ్గరుండి చేయిస్తాం" అన్నారట.

మిగతా రెండు ప్రశ్నలు అడగకుండానే పిన్ని లేచి వచ్చేసింది. వచ్చే ఆదివారం ఇంకో రెండు కాలేజీలు చూడాలి, నేనూ వెళ్తున్నా.