కోరిక గంటలు, పని గంటలు

“వచ్చే నెల నుంచి డ్యూటీ తగ్గించుకుంటాను డాక్టరుగారూ, అప్పుడు మాత్రలు అవసరముండదు కదా!” రక్తపోటు ఎక్కువగా ఉన్నవారి నోట ఈ మాట నేను కొన్ని వందలసార్లు విని ఉంటాను. ఈ కోరికను ఎంతవరకు నమ్మవచ్చు?

ఈ ప్రశ్నను అర్థశాస్త్రవేత్తలు కూడా పరిశీలించారు. 1980లలో నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక సర్వేలో, ఎన్ని గంటలు పనిచేస్తున్నారో, ఎన్ని గంటలు చేయాలని ఉందో ప్రజలను విడివిడిగా అడిగారు. ఆ వివరాలపై 1998లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, కోరిక కేవలం ఉత్తమాట కాదు. రాబోయే కాలపు పనిగంటలను అంచనా వేయడానికి అది కొంత ఉపకరిస్తుంది. అయితే అమెరికాలో ఆల్టోంజీ, పాక్సన్ అనే పరిశోధకులు మరొక సంగతి గమనించారు. ఉద్యోగం మారినవారి పనిగంటలు మారినంతగా, అదే ఉద్యోగంలో ఉండిపోయినవారి గంటలు మారవు. అంటే కోరిక మనదే అయినా, గంటలను నిర్ణయించేది చాలావరకు ఆ ఉద్యోగమే.

నా వద్దకు వచ్చే ఒక సెక్యూరిటీ గార్డు ఎనిమిది గంటల పని కావాలని మూడేళ్లు అంటూనే ఉన్నారు. పన్నెండు గంటల డ్యూటీ తగ్గలేదు. వేరేచోట చేరాకే తగ్గింది. దానితోపాటు జీతమూ తగ్గింది. ఆ మూడేళ్లూ ఆయనను కాపాడింది కోరిక కాదు, క్రమం తప్పక వేసుకున్న మాత్ర.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించిన అంచనా గుర్తుంచుకోండి: వారానికి 35–40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, 55 గంటలు లేదా అంతకు మించి పనిచేసేవారిలో పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండె రక్తనాళాల జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ.

కనుక పాఠకులారా, పని తగ్గించుకోవాలని అనిపించినప్పుడు మిమ్మల్ని మీరు రెండు ప్రశ్నలు వేసుకోండి. నా గంటలు ఎవరి చేతిలో ఉన్నాయి? వాటిని మార్చడానికి ఈ నెలలో నేను చేయగల పని ఏమిటి? యజమానిని అడగడమా, రాత్రి డ్యూటీ మార్పించుకోవడమా, వేరే పని వెతకడమా? జవాబు దొరికితే ప్రయత్నించండి. దొరకకపోయినా నిరాశ వద్దు. గంటలు తగ్గేవరకు చికిత్సను మాత్రం వాయిదా వేయకండి. గంటలు తగ్గిన తరువాత కూడా, మాత్ర తగ్గించాలా వద్దా అన్నది మీ వైద్యుడు రక్తపోటు చూసి చెప్పవలసిన మాట.